చేపల బుట్ట పక్కన ఫ్లూ డబ్బా

స్వైన్ ఫ్లూ పేరు పేపర్లనిండా ఉన్న వానాకాలం అది. పర్ణశాల అవతల ఒక గూడెంలో చాలామందికి దగ్గు, జ్వరాలు అని కబురొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గూడెంవాళ్లను సంతకు కూడా రావద్దన్నారట. అది కొత్త జబ్బో, ఏటా వచ్చే మామూలు ఫ్లూనో తేలాలంటే గొంతు నమూనాలు హైదరాబాద్ చేరాలి. ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని కనుక నన్ను పంపారు.

ఖమ్మంలో మేముండే ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో బస్టాండు చేరి, పొద్దున ఐదు నలభైకి భద్రాచలం బస్సెక్కాను. ఒళ్లో ఐస్ డబ్బా చూసి పక్కాయన ఐస్‌క్రీమా అని అడిగాడు. ఫ్లూ ఏటా కొంచెం రూపు మారుస్తుందని, అందుకే దేశదేశాల్లో ఇలాగే నమూనాలు తీసి, ఏ రకం తిరుగుతోందో చూసి టీకా తయారు చేస్తారని చెప్పాను. ఆయన రుమాలు మూతికి కట్టుకుని, దిగేదాకా ఇంకా ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

తొమ్మిదింటికి భద్రాచలం. బస్టాండు ఎదుట వేడి ఇడ్లీ తిని పర్ణశాల బస్సు పట్టుకున్నాను. వెళ్లేవాళ్లు ఈ బస్సు వదులుకోవద్దు, తర్వాతది మధ్యాహ్నమే.

పర్ణశాలలో అక్కడి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఎదురొచ్చింది. బురదలో అరగంట నడక. గూడెంలో మొదట నమూనా ఇవ్వడానికి ఎవరూ నోరు తెరవలేదు. నర్సమ్మ కోయభాషలో నచ్చజెప్పాక ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. దూది పుల్ల గొంతులో తిప్పగానే నా మాస్కు మీదే దగ్గి, తనే నవ్వింది. ఇది ఎక్కడికి పోతదని అడిగితే హైదరాబాదన్నాను.

"నేనే ఎన్నడు పోలే. నా దగ్గు పోతాంది" అంది.

అందరూ నవ్వారు. ఆమె వెనక ఇంకో ఏడుగురు కూర్చున్నారు.

మూడింటికి భద్రాచలంలో తిరుగు బస్సు. ఖమ్మంలో ఏడున్నర రైలుకు మా అటెండర్ ఆ డబ్బాతో హైదరాబాద్ వెళ్లాలి. పాల్వంచ రాకముందే టైరు పంక్చరైంది. స్టెప్నీ మార్చేసరికి ముప్పావుగంట. మూత తీసి చూస్తే ఐస్ కరిగిపోతోంది. నోరు తెరిచిన ఎనిమిది మందికి ఏం చెప్పాలని దిగులు పట్టుకుంది. వెనక సీట్లో గోదావరి చేపలు ఖమ్మం తీసుకెళ్తున్నామె నా మొహం చూసి ఏందని అడిగింది. చెప్పగానే చేపల బుట్ట పక్కకు జరిపి, ఐస్ నింపిన తన థర్మకోల్ పెట్టె తెరిచింది.

"తీస్కో బిడ్డా. నా చేపలు ఎట్లయినా సచ్చినయే."

నమూనాల గొట్టాలు ఒకదానిలో ఒకటిగా రెండు కవర్లలో బిగించే ఉన్నాయి. ఆమె ఇచ్చిన ఐస్‌ను ఇంకో కవరులో కట్టి చుట్టూ సర్దాం. కొత్తగూడెంలో కండక్టర్ టీ కూడా తాగకుండా రైట్ అన్నాడు.

ఏడు ఇరవైకి ఖమ్మం స్టేషన్. అటెండర్ డబ్బా అందుకుని వాసన చూశాడు.

"మేడమ్, పులుసు గిట్ల పంపుతున్నరా?"

రైలు కదిలేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాను. ఆ జబ్బు మామూలు ఫ్లూయేనని, గూడెంవాళ్లు మళ్లీ సంతకు పోతున్నారని వారం తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రానికి మాత్రం నాకు తెలిసింది ఒకటే. రోజంతా భయపడ్డవాళ్లు కనిపించారు గాని, దూరం జరిగినవాళ్లు కనిపించలేదు. ఇంటికి షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే పక్కామె దగ్గుతూ, నీకంటుకుంటది, అటు తిరుగమ్మా అంది. బ్యాగులో మిగిలిన మాస్కు ఇచ్చాను. అది కట్టుకుని, నేను దిగేదాకా మాస్కులోంచే ముచ్చట పెట్టింది.