కలిసి అరిగిన గేర్లు

ఆ మధ్య ఒక ఉదయం తన్లిన్ వంతెన దాటి ఒక చిన్న లారీ డ్రైవరు, మన తెలుగువాడే, చిమిండైంగ్ పేటలో నాన్న నడిపిన మా మరమ్మతు షెడ్డుకు తన బండి గేరుబాక్సు మోయించుకొచ్చి, మూడో గేరు పళ్లు రాలిపోయాయనీ, బండి నడవకపోతే ఇల్లు నడవదనీ చెప్పి కూలబడ్డాడు. షెడ్డు ఖాళీ చేసి అద్దెకిద్దామని ఏడాదిగా అక్కనైన నా ప్రాణం తీస్తున్న తమ్ముడు సరిగ్గా అదే వేళకు లత అనే పేటలోని తన ఇంటి నుంచి దిగాడు.

"అప్పా, నాన్న సామాన్లో ఈడి బండికి జత దొరికితే అన్నీ ఉంచేసుకో. నేదంటే మొత్తం పాత ఇనుం కింద కాటాకి ఏసీడమే."

వాడి గొంతులో జాలి కూడా ఉంది. ఒళ్లు మండి సరేనన్నాను.

క్లచ్చి తొక్కి చేత్తో గేరు మార్చడం మన ఈడు వాళ్లందరికీ తెలుసుగానీ, జత సంగతి తెలియకపోవచ్చు. ఏళ్ల తరబడి పన్నుకు పన్ను ఒరుసుకుంటూ తిరిగిన రెండు గేర్లు ఒకదానికొకటి అలవాటై అరుగుతాయి; అందులో ఒకదాన్ని, అది ఎంత మంచిదైనా సరే, వేరేదాని పక్కన బిగిస్తే దారంతా ఊళ పెడుతుంది. అందుకే నాన్న పాత గేరుబాక్సు విప్పగానే డీజిల్లో కడిగి, పనికొచ్చే జతలను రాగితీగతో కట్టి దాచేవాడు. గేరు పడేటప్పుడు వేగం కుదిర్చే ఇత్తడి రింగును గేరు మెడకు నొక్కి, సందులో గోరు పడితే ఉంచేవాడు, పడకపోతే విసిరేసేవాడు. కాలేజీ చదువు ముగించి ఆయన పక్కన పీట వేసుకున్న నేను, ఆ విసిరేసిన రింగునే ఏరి తెచ్చి, ఇంకో ఏడాది వస్తుందని వాదించేదాన్ని. ఆయన రాదనేవాడు. టీ మీద మీగడ కట్టేది. ఒక్కోసారి నేనే గెలిచేదాన్ని.

"ఇనప ముక్కలకి జాతకాలు చూస్తన్నారేటి తండ్రీ కూతుళ్లు?" అని అమ్మ వంటింట్లోంచి దెప్పేది.

నాన్న పోయాక, మాసికానికి చుట్టాలొస్తారని మా మరదలు ఎంతో మంచి మనసుతో ఆ తీగలన్నీ కత్తిరించి, గేర్లను తళతళా తోమి, గిన్నెలు సర్దినట్టు సైజుల వారీగా అరల్లో పేర్చింది. "అద్దంలాగుంది కదా వదినా!" అంది. నేనేమన్నానో ఇక్కడ రాయను.

డ్రైవరు వచ్చిన రోజంతా ఆ అరల ముందే కూర్చున్నాను. రెండు కడ్డీలకు చెరో గేరూ తొడిగి, చేత్తో తిప్పి, చెవి ఆనించి వినడం. గరగర. తీసెయ్యి. మళ్లీ గరగర. డ్రైవరు కిళ్లీ నములుతూ నా ముఖమే చూస్తున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఒక జత మెత్తగా, మూగగా తిరిగింది. పళ్ల మీది మెరుగు చారలు అచ్చు దిగినట్టు కలిశాయి.

"ఇదే నాన్నా. కాదంటావేటి?" అన్నాను.

"ఎవురితోటి అప్పా?" అన్నాడు డ్రైవరు.

"నీతోటి కాదులే. ఇలా పట్టు."

మర్నాడు గేరుబాక్సు బిగించుకున్న అతని బండి ఊళ లేకుండా వంతెన ఎక్కిందని కబురొచ్చింది. ఫోను చేసి చెబితే, "సరేనప్పా, నువ్వే గెలిచావు," అని తమ్ముడు ఇట్టే ఒప్పేసుకున్నాడు. నాన్నయితే ఒప్పుకునేవాడా? బండి తెమ్మని, తానే నడిపి, నాలుగు వంకలు పెట్టేవాడు. ఇప్పుడు బండ్లు తమ గేర్లు తామే మార్చుకుంటున్నాయి. మనుషులకూ వాదించే ఓపిక లేదు.

ఆ డ్రైవరు బండిలోంచి తీసిన విరిగిన గేరు తాలూకు తోడు గేరు, ఒక్క పన్నైనా పోనిది, నా బల్ల మీదే ఉంది. కాటాకి వేయబుద్ధి కాలేదు. అప్పుడప్పుడు కడ్డీకి తొడిగి తిప్పుతుంటాను. ఒరుసుకోవడానికి ఎదుట ఏదీ లేక, ఎంత తిప్పినా చప్పుడు చేయదు.