బొటనవేలు

క్లాంగ్ ఊళ్లో మాకు పరుగు నేర్పిన కోచ్‌ను అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఆవిడ పలకరింపే మణికట్టు పట్టుకోవడం. రెండు వేళ్లు నాడి మీద ఆనించి, మన ముఖం కాదు, తన వాచీ చూస్తూ లెక్కపెట్టేది.

"బొటనేలు పెట్టకండి. దానికి సొంత నాడి ఉంటాది, లెక్క తప్పుతాది" అని మాకు వంద సార్లు చెప్పి ఉంటుంది.

రోజూ పొద్దున మంచం దిగకముందే మా నాడి మేమే చూసుకుని పుస్తకంలో రాయాలి. అంకె మామూలుకంటే బాగా పెరిగితే ఒళ్లు ఇంకా తేరుకోలేదన్నమాట. ఆ రోజు పరుగు ఉండదు.

రాష్ట్ర జట్టు ఎంపిక జరిగే వారంలోనే నాకు జ్వరం వచ్చి తగ్గింది. అంకె మాత్రం దిగలేదు. అక్క ఎక్కడ నన్ను ఆపేస్తుందోనని మూడు రోజులు వరసగా పాత అంకే రాశాను.

నాలుగో రోజు అక్క పుస్తకం చూసి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ లెక్కపెట్టేకొద్దీ నా గుండె ఇంకా దడదడలాడింది.

"భయానికి అలాగ కొట్టుకుంటంది అక్కా" అన్నాను.

"కొట్టుకుంటాది. మరి మూడు రోజులూ ఒకటే అంకె ఏటి? బతికున్న గుండె అలాగ కొట్టుకోదమ్మా. జ్వరం ఒంట్లో ఉండగా పరిగెట్టి పడిపోతే మీ అమ్మకి నేనేటి సెప్పాల?"

ఎంపిక పోటీ రోజు నన్ను దింపలేదు. తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను లేకుండానే పరుగు మొదలైంది. అక్క నా మణికట్టు పట్టుకునే ఉంది, కానీ వాచీ చూడలేదు. ఈసారి గుప్పిట నిండా పట్టుకుంది, బొటనవేలితో సహా. నా గుండె నెమ్మదించాక కూడా ఆ వేలి కింద నాడి పరుగెడుతూనే ఉంది. అది నాది కాదు.