గుర్రాలు లేని శాలలో ద్వారకానాథ్

ఆదివారం వస్తే ద్వారకానాథ్ గారికి గుర్రాల పిచ్చి పడుతుందని అడిలైడ్‌లోని మాసన్ లేక్స్ పేట తెలుగువాళ్ళలో ఒక వేళాకోళం. నిజానికి ఆయన జన్మలో గుర్రం ఎక్కలేదు. చిన్నప్పుడు కాకినాడలో జట్కా ఎక్కాడు, అంతే. ఇక్కడి యూనివర్సిటీలో పాతికేళ్ళు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. భార్య సీతాదేవి కవల మనవలను పెంచడానికి సిడ్నీ టూంగాబీలో కూతురి దగ్గరకు వెళ్ళి రెండేళ్ళయింది. రోజూ ఏడింటికి ఫోన్ చేసి తిన్నారా అని అడుగుతుంది, ఈలోగా ఇద్దరిలో ఒకడు ఏడుస్తాడు, పెట్టేస్తుంది. మీరూ వచ్చేయండి అని అందరూ అంటారు గానీ ఎప్పుడు అన్నది ఎవరూ అనరు.

అడిలైడ్ కొండవాలులో నూట నలభై ఏళ్ళ నాటి విల్లా ఒకటి ఉంది. ఒక ట్రస్టు దాన్ని ఆదివారాలు జనానికి తెరుస్తుంది. తిప్పి చూపించేవాళ్ళంతా వాలంటీర్లే. నీలిరాతి గోడలు, వరండా చుట్టూ లేసులా అల్లిన పోత ఇనుము, రంగుటద్దాల తలుపు, నాట్యాల హాలు, వీటి కోసం పాతవాళ్ళు పోటీలు పడతారు. నాలుగేళ్ళ కిందట, కొత్తగా చేరినవాడని ద్వారకానాథ్‌కి ఎవరికీ అక్కర్లేని గుర్రపుశాల అంటగట్టారు. మహానుభావులు, మంచి పనే చేశారు.

ఎందుకంటే ఆయన దాన్ని పట్టుకుని వదల్లేదు. ఇటుకల నేల కాలువ వైపు ఎంత వాలుందో కొలిచాడు. గుర్రం డొక్క గీరుకోకుండా గోడ మూలలు గుండ్రంగా చెక్కారని కనిపెట్టాడు. అటక మీంచి గడ్డి తిన్నగా మేత తొట్టిలో పడే కంతను శుభ్రం చేశాడు. ఇంటికి వెనకవైపు ఒక్క కిటికీ కూడా శాలకేసి తెరుచుకోదని, దొరసానికి వాసన తగలకుండా గాలి చూసి మరీ కట్టారని చదివి తెలుసుకున్నాడు. గుర్రాలు చూసుకునేవాడి గది ఆయనకు ప్రాణం. దానికున్నది ఒకటే కిటికీ, అదీ గుర్రాల వైపే. ఆ మనిషి ఏడాదంతా ఎవరితో మాట్లాడి ఉంటాడా అనుకుంటూ ద్వారకానాథ్ ఆ కిటికీ దగ్గరే ఆగిపోయేవాడు.

ఇంత తెలిసినా వినేవాళ్ళు లేరు. బస్సుల్లో వచ్చినవాళ్ళు హాలు చూసి, టీ తాగి, గుమ్మంలోంచి శాలలోకి తొంగిచూసి, గుర్రాలు లేవా అని వెళ్ళిపోతారు. నెల కిందట ట్రస్టు కమిటీ ఒక ఈమెయిల్ పంపింది. శాలను ఇలాగే ఉంచాలా, కేఫ్ చెయ్యాలా అని ఆలోచిస్తున్నారట, సందర్శకుల అభిప్రాయాలు చూస్తారట. ఆయన వారమంతా గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది ఆ ఒక్కరోజే. శాల పోతే అదీ పోతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వీపున బ్యాగుతో ఒక అమ్మాయి వచ్చింది. ఫోన్‌లో వాళ్ళమ్మతో సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాట్లాడుతోంది. పెట్టేయగానే ఆయన పలకరించాడు. పేరు తన్మయి అంది. ఇక చూడాలి ఆయన సంబరం. నాలుగేళ్ళుగా ఇంగ్లీషులో చెప్పిందంతా మొదటిసారి తెలుగులో చెప్పాడు. జీను, కళ్ళెం, నాడా, ఎక్కడెక్కడి మాటలో నోటికి వచ్చేశాయి. ఆ పిల్ల దూలాల ఎత్తు అడిగింది, కాలువ ఎటు పోతుందో అడిగింది, అన్నీ నోట్ చేసుకుంది. గంటన్నర గడిచింది. ఈ పిల్ల నాలుగు మంచి మాటలు రాస్తే చాలు, శాల నిలబడుతుందని ఆయన గట్టిగా నమ్మాడు.

చివరికి ఆ చిన్న గదిలోకి వచ్చారు. తన్మయి బ్యాగులోంచి లేజర్‌తో కొలిచే పరికరం తీసి గోడకు పెట్టింది.

“అంకుల్, ఈ వాల్ లోడ్ బేరింగా? తీసేస్తే కిచెన్ ఇక్కడ ఫిట్ అవుతుంది.”

“కిచెనా?” అన్నాడాయన. ఆమెకు అర్థమైంది.

“ఓ, మీకు చెప్పలేదా? కేఫ్ లాస్ట్ వీకే అప్రూవ్ అయింది, డిజైన్ మా ఆఫీసుదే. ఐ థాట్ దే టోల్డ్ యూ. సారీ అంకుల్.”

గోడ సంగతి తనకు తెలియదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అడిగినవాళ్ళకు చెప్పకుండా ఉండలేని జబ్బు ఆయనది, పైగా చెబుతున్నంతసేపూ ఆ పిల్ల ఇక్కడే ఉంటుంది.

“కాదమ్మా. కప్పు బరువంతా ఆ ఇనప స్తంభాల మీదే ఉంది. ఈ గోడ తీసినా ఏం కాదు.”

పాత ఇటుకలు పగలకుండా ఎటునుంచి విప్పాలో కూడా చెప్పాడు. నిదానంగా, సాగదీసి చెప్పాడు. తర్వాత అటకా చూపించాడు. కారు దాకా వెళ్ళి, ఇంకేమైనా కొలవాల్సి ఉంటే వచ్చే ఆదివారం కూడా తాను ఉంటానన్నాడు.

“నో నీడ్ అంకుల్, అన్నీ వచ్చేశాయి. మీరు సూపర్‌గా ఎక్స్‌ప్లెయిన్ చేశారు.”

కారు మలుపు తిరిగింది. ఉన్నదంతా ఒక్కరోజే చెప్పేశాను, కనీసం ఆ అటకైనా చూపించకుండా వచ్చే ఆదివారానికి ఉంచాల్సింది అనుకుంటూ ద్వారకానాథ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు.