పెళ్లి డీజేకే ఓటు

డిగ్రీలో పర్యావరణం అందరికీ తప్పనిసరి, కాబట్టి ఎవరికీ పట్టదు. పాఠం చెబితే నిద్రపోతున్నారని ఫోన్లలో క్విజ్ పెట్టాను. నిద్ర వదిలింది కానీ, తలలన్నీ ఫోన్లలోనే.

‘మన ఊళ్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఏది?’ అన్న ప్రశ్న నడుస్తుండగా, పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బండ పేల్చారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఒక్క తలా లేవలేదు. క్లాసంతా కలిసి పెళ్లి డీజేనే నొక్కింది.

"మరి ఇప్పుడు మోగిందేంది?" అన్నాను చిరాగ్గా.

"బ్లాస్టింగ్ గద సార్. రోజు ఉండేదే, ఎవరింటరు?" అంది ముందు బెంచీ అమ్మాయి, ఫోన్లోంచి చూపు తీయకుండానే.

తర్వాతి ప్రశ్న నొక్కాను. ఏళ్ల తరబడి ఆ గదిలో రోజూ మోగుతున్నవాణ్ణి నేనూ.