ఎదుటి కుర్చీ

త్రినాథ్ నవ్వేటప్పుడు కూడా తల పూర్తిగా ఎత్తడు. ఏడేళ్లప్పుడు చదరంగం బల్ల మీదికి వంగిన మెడ, గ్రాండ్‌మాస్టర్ అయ్యాక కూడా అలాగే ఉండిపోయింది. ఎన్ని దేశాలు తిరిగినా అతనికి గుర్తుండేది ఎదుటివాళ్ల చేతులే, ముఖాలు కావు. సొంతూరు కొత్తపేట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతారు. ఒక్క ఆట ఆడదాం రమ్మంటే మాత్రం, "మీతో ఆడ్డమా? భలేవారేనండి!" అని నవ్వుతూ లేచిపోతారు.

మొన్నటి సన్మానంలో వేదిక మీద బల్ల వేసి పావులు పేర్చారు. రాజూ మంత్రీ తారుమారుగా ఉంటే త్రినాథ్ చప్పుడు చేయకుండా సర్దాడు. ముఖ్య అతిథి ఎదురుగా కూర్చుని, మొదటి ఎత్తుగా ఒక బంటును ముందుకు జరిపారు. ఫొటోలు తీశారు. త్రినాథ్ చెంపకు చెయ్యి ఆనించి, నిజంగానే ఆలోచించి, గుర్రాన్ని కదిపాడు. తల ఎత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

టెంట్ హౌస్ కుర్చీలు సర్దుతున్న అయ్యప్ప వచ్చి దాని మీద చెయ్యి వేశాడు. "ఆయన భోజనానికి వెళ్లిపోయేరండి. ఇది తీసేమంటారాండి?"

"కాసేపు ఉండనివ్వండి," అన్నాడు త్రినాథ్, మళ్లీ బల్ల మీదికి వంగి. "ఎత్తు ఆయనదండి."