గడపలు కొలిచే టేపు మావయ్య

టేపు మావయ్య ఎవరింటికి వెళ్లినా "బాగున్నారా" అని అడగడు. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని రోడ్డు నుంచి గడప దాకా టేపు పెట్టి కొలుస్తాడు. లేచి మోకాళ్లు దులుపుకుని, "రెండడుగులు. వరదొస్తే మీ మంచం మునుగుతుంది" అని చల్లగా చెప్పి, అప్పుడు కాఫీ అడుగుతాడు.

మున్సిపల్ ఆఫీసులో వరదల విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఆయన కుర్రతనంలో నది పొంగి ఆయన ఉండే వీధిలో నాలుగున్నర అడుగుల నీళ్లు నిలిచాయట. వీధిలో ఎప్పుడో ఇంకిపోయాయి. ఆయన బుర్రలో మాత్రం ఇంకలేదు.

పక్కింటి పెద్దాయన పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, ఏడుస్తున్నవాళ్లను కాస్త జరగమని మరీ గడప కొలిచాడు. "అడుగు తొమ్మిదంగుళాలు" అన్నాడు.

"అంటే ఏమిటండీ?" అన్నాడు కొడుకు, కళ్లు తుడుచుకుంటూ.

"మీ నాన్నగారు మంచి సమయంలో వెళ్లిపోయారు, నాయనా."

బయటివాళ్లయితే ఈయన్ని చూసి సందు మారిపోవచ్చు. సొంత మేనకోడలు ఎక్కడికి పోతుంది? అదే వీధిలో మేడ మీద ఆమె కాపురం, కింద బట్టలు కుట్టే షాపు. ఎనిమిది మిషన్లు. ఇల్లు గడిచేదీ, పిల్లల చదువు సాగేదీ వాటి మీదే. ఒకరోజు మావయ్య వచ్చి, బేరాలు నడుస్తుండగానే గోడ మీద నడుమెత్తున ఎర్రగీత గీసి, "నీళ్లు ఇక్కడిదాకా" అన్నాడు. కొలతలివ్వడానికొచ్చినావిడ బట్టలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

"నీ నోట మంచి మాటే రాదా, మావయ్యా?"

"వరద బీమా కాగితం మీద సంతకం పెట్టు. వెళ్లిపోతాను."

"ఈ పల్లపు వీధికి బీమా ఇవ్వరని నువ్వేగా అన్నావు?"

"విడిగా ఇవ్వరు. ముప్పై ఇళ్లన్నా కలిసి, ఒక్కో గడప ఎత్తూ కొలిచి ఇస్తే చూస్తామన్నారు."

"చూస్తామన్నారంటే అయినట్టే" అని ఆమె, పీడ విరగడైతే చాలని చదవకుండానే సంతకం గీకి, కట్టాల్సిన ప్రీమియం కూడా చేతిలో పెట్టింది.

ఆ ఏడు నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగో రోజు మధ్యాహ్నం మురుగు కాలువ వెనక్కి తన్నింది. షాపులో నేల మీంచి నల్లటి నీళ్లు చప్పుడు లేకుండా లేస్తుంటే ఆమె ఒక మిషన్ని లాగి చూసింది, కదల్లేదు. కుట్టేవాళ్లను అప్పటికే ఇళ్లకు, పిల్లల్ని మేడ మీదికి పంపేసింది. మిషన్లు ఒక్కతే ఎత్తగలిగేవి కావు. తలుపు నెట్టుకుని తడిసి ముద్దయిన మావయ్య వచ్చాడు.

"పైకి పద."

"మరి మిషన్లు?"

"వాటికీ ఈత రాదు, నీకూ రాదు. పద."

మెట్ల మీద కూర్చుని ఇద్దరూ కిందికి చూస్తున్నారు. "రెండో మెట్టు మునిగింది" అన్నాడు ఆయన. కాసేపటికి, "మూడోది."

"ఊరుకో మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఆ కాగితం ఇచ్చావా?"

"ఇచ్చాను."

"ఒప్పుకున్నారా?"

"జవాబు రాలేదు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, నీళ్లు చూడలేక ఒక మెట్టు పైకి జరిగాడు. వరద గురించి అన్నీ తెలిసినవాడే ఇలా జడిస్తే ఇంక తన గతేమిటనుకుంది ఆమె. నాలుగో మెట్టు మునిగినప్పుడు ఆయన పైకి చెప్పలేదు. ఆమే లెక్కపెట్టుకుంది.

నీళ్లు తీశాక ఎనిమిది మిషన్లూ బురదముద్దలు. వారం రోజులు ఆమెకు అన్నం సయించలేదు. తర్వాత బీమా సర్వేయరు జాబితా పట్టుకుని వచ్చాడు.

"మీ గడప అడుగున్నర. సరిగ్గా ఉంది. మీ కాగితాలు వానలకు ముందే ఖాయమయ్యాయి, జవాబే ఆలస్యమైంది. వీధిలో ముప్పైతొమ్మిది ఇళ్లకీ బీమా వర్తిస్తుందమ్మా. ఇంత శ్రద్ధగా కొలిచిన వీధిని నేను చూడలేదు. ఆ చివరి ఇల్లొక్కటే లేదు."

ఆమె ఉన్నచోటే కూలబడింది, సంతోషంతో. ఆ వెంటనే లేచి పరిగెత్తింది. చివరి ఇల్లు మావయ్యది. ఆయన వాకిట్లో పరుపు ఆరబెట్టుకుంటున్నాడు.

"అందరివీ కొలిచావు. నీదేది?"

"ఎన్నోసార్లు కూర్చున్నాను, అమ్మడూ. టేపు ఆనించగానే భయమేసేది. ఆ పాత వరదలో ఈ ఇంటి అటక మీదే మూడు రోజులున్నాను. ఎదుటివాళ్లదైతే అది అంకె. మనదైతే నీళ్లు."

"మరి మా అందరినీ ఎందుకలా హడలగొట్టావు?"

"ముందే కాస్త భయపెట్టేస్తే, నిజంగా వచ్చినప్పుడు తక్కువ భయపడతారనుకున్నాను. తగ్గిందా?"

"ఏం తగ్గలేదు. ప్రాణం పోయిందనుకున్నాను. నువ్వు పక్కన లేకపోతే నిజంగానే పోయేది."

ఆమె టేపు అందుకుని గుమ్మం ముందు కూర్చుంది. మావయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఎంత?"

"అడుగు."

"అడుగేనా?"

"అడుగే. మా మేడ మీద గది గడప పన్నెండడుగులు. ఇకనుంచి మబ్బు పడితే వచ్చెయ్. ఇప్పుడు కళ్లు తెరిచి కాగితం నింపు."

మావయ్య ఒక్క కన్ను మాత్రం తెరిచి సంతకం పెట్టాడు.