పీర్ల చావిడి తాళం

2020 మొహర్రం నాటికి నేను యాడికి అనే ఊరి దగ్గరి ఒక మండలంలో తహసీల్దారును. తహసీల్దారంటే భూముల సంగతి చూసేవాడని అందరూ అనుకుంటారు. మండల మేజిస్ట్రేటు కూడా అతనే. ఆ కరోనా రోజుల్లో జనం గుమికూడకుండా చూడవలసిన బాధ్యత అతనిదే.

ఊరేగింపులు, అగ్నిగుండాలు వద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చావిడి లోపల పీర్లను నిలబెట్టడం మాత్రం స్థానిక అధికారి విచక్షణకు వదిలారు. ఆ మాటే నా మెడకు చుట్టుకుంది.

ఒక ఊళ్లో పీర్లను ఎత్తే ముజావరు మస్తానప్ప. మొక్కులు మాత్రం రెడ్లతో సహా ఊరందరివీ. అతను ఆఫీసుకు వచ్చి, "నేనొక్కన్నే ఎత్తి, ఒక్కన్నే దించుతా సార్. ఎవుర్నీ రానియ్యను" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పీరు లేచిందని తెలిస్తే చక్కెర, ఊదు పట్టుకుని ఊరంతా వస్తుంది. ఆపడానికి నాకున్నది ఇద్దరు కానిస్టేబుళ్లు.

"ఎత్తకుంటే ఊరు నన్ను బతకనీదు సార్" అన్నాడు. ఊరికి నేను చెబుతాలే అన్నాను.

చావిడి మూయించాలని నిర్ణయించాను. మామూలుగా తాళం వేసి సీలు పెట్టేది మా సిబ్బందే. కానీ పరాయివాళ్లు ఆ చావిడి తలుపు ముట్టకూడదని ఆచారం. గౌరవంగా ఉంటుందని తాళం మస్తానప్ప చేతే వేయించాను. అంత మర్యాద పాటించినందుకు లోలోపల మురిసిపోయాను కూడా.

జనం ఆగారా? ఆటోలెక్కి పక్క మండలంలో పీర్లు చూసి, జ్వరాలు తెచ్చుకున్నారు. ఒక ముసలాయన పోయాడు. ఆపైన ఈ కరువు సీమలో వద్దన్నా వానలు. పీకి కుప్పేసిన వేరుశనగ చేలోనే మొలకెత్తి కుళ్లిపోయింది. పీర్లసామిని చీకట్లో పెట్టినందుకే అన్నారు. మస్తానప్పను కూలికి పిలవడం మానేశారు, తర్వాత పలకరించడమూ మానేశారు.

మాట ఇచ్చాను కనుక వెళ్లి, ఆర్డరు నాది, అతని తప్పేమీ లేదని రచ్చకట్ట దగ్గర చెప్పాను. ఒక రైతు నింపాదిగా అన్నాడు.

"ఆర్డరు మీదే సార్. బీగం ఏసింది వాడు గదా."

ఆంక్షలు సడలాక పీర్లను వేరేవాళ్ల చేత ఎత్తించారు. మస్తానప్ప పెళ్లాంబిడ్డలతో గుంతకల్లు చేరి, స్టేషను బయట మూటలు మోస్తున్నాడని విన్నాను. నేను మాత్రం పూలదండ వేయించుకుని రిటైరయ్యాను.

ఎత్తనివ్వడం సరైనదా, ఆపడం సరైనదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మళ్లీ అదే రోజు వస్తే బహుశా మళ్లీ వద్దనే రాస్తాను. నేర్చుకున్నది ఇంతే. నిషేధం రాసిన అధికారి బదిలీ మీదో రిటైరయ్యో వెళ్లిపోతాడు, పాటించినవాడు ఆ ఊళ్లోనే బతకాలి. ఆ తాళం నా చేత్తో నేనే వేయాల్సింది.